తోడొచ్చినవాళ్ళతో విడిగా

ఇరవై రెండేళ్ళు రైళ్ళలో టికెట్లు తనిఖీ చేసిన మనిషిని నేను. అబద్ధమాడేవాడు అడగ్గానే జేబులన్నీ హడావుడిగా తడుముకుంటాడు. నిజంగా టికెట్టు పారేసుకున్నవాడు ముందు నా మొహంలోకి చూస్తాడు. నిద్ర నటించేవాడి రెప్పలు, నిజంగా నిద్రపోయేవాడి నోరు, పెళ్ళాన్ని అడ్డం పెట్టుకుని బుకాయించేవాడి గొంతు, అన్నీ నాకు కరతలామలకం. తోటి ఉద్యోగులు వెనకాల డేగ అనేవాళ్ళు, ఎదురుగా మేడమ్ అనేవాళ్ళు. రెండూ నాకు ఇష్టమే.

అలాంటి నా ఒంట్లో, ఎడమ రొమ్ములో, ఒక గడ్డ ఎన్నాళ్ళ నుంచో టికెట్టు లేకుండా ప్రయాణం చేస్తోంది. నేను పట్టుకునేసరికి నిమ్మకాయంత అయింది. క్యాన్సర్ అన్నారు. మూడు వారాలకొకటి చొప్పున ఆరు విడతలు కీమో, ఆ తర్వాత ఆపరేషన్ అన్నారు. కాగితాలు ముందు పెట్టి సంతకాలు చేయమన్నారు, చేశాను. నా జీవితంలో చదవకుండా సంతకం పెట్టింది ఆ ఒక్క రోజే.

నాకు తోడు మా అక్క. నా భర్త పోయి తొమ్మిదేళ్ళయింది, పిల్లలు లేరు. అక్క అసలు పెళ్ళే చేసుకోలేదు. ఎందుకని ఎవరైనా అడిగితే "కొలతలు కుదర్లేదు" అంటుంది. కోట్లు, యూనిఫారాలు కుట్టడం దాని పని. నా భర్త పోయిన నెల తిరక్కుండా కుట్టు మిషను, కత్తెరలు, ఒక మంచం వేసుకుని నా ఇంటికి వచ్చేసింది. రమ్మని నేను పిలవలేదు. ఎప్పుడు వెళ్తావని కూడా అడగలేదు. అప్పటి నుంచి ముందు గదిలో మిషను చప్పుడు లేకపోతే నాకు ఇల్లు ఇల్లులా ఉండదు.

మొదటి విడతకు వెళ్ళే రోజు పొద్దున చెప్పులు వేసుకుంటూ అక్కతో ఒకే మాట అన్నాను. "నువ్వు పక్కన లేకపోతే నేను ఆ కుర్చీలో కూర్చోను. ఒక్కసారి నువ్వు రాకపోయినా వైద్యం మానేస్తా."

"సరేలేవే, పద," అంది అక్క.

కీమో వార్డులో ఎనిమిది కుర్చీలున్నాయి. వెనక్కి వాలే పెద్ద కుర్చీలు, చేతులు పెట్టుకునే చోట రంగు వెలిసిపోయాయి. ఒక్కో కుర్చీ పక్కన తోడొచ్చినవాళ్ళకి ఒక ప్లాస్టిక్ స్టూలు. నర్సు వేడినీళ్ళలో ముంచిన గుడ్డ నా చేతికి చుట్టి, నరం పైకి తేలాక సూది గుచ్చింది. ముందు వాంతులు రాకుండా ఒక సీసా. తర్వాత ఎర్ర మందు. దాన్ని సీసాలో వేలాడదీయరు, నర్సు పక్కనే కూర్చుని లావుపాటి సిరంజితో తన చేత్తోనే మెల్లగా ఎక్కిస్తుంది. ఆ ఎరుపు గొట్టంలో నా చేతి వైపు పాకి రావడం చూడగానే నాకు కాళ్ళు చల్లబడ్డాయి. అక్క నా పాదాలు తన ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది.

అప్పుడు వచ్చింది ఆ అమ్మాయి. ముప్పై దాటి ఉండవు. మెడలో కార్డు, చంకలో పచ్చ ఫైలు.

"నేను ఇక్కడ సోషల్ వర్కర్‌నండీ," అంది.

"ఏం అమ్ముతారు?" అన్నాను.

ఆమె నవ్వింది. "ఏమీ అమ్మనండీ. ఆఫీసుకి సెలవు ఉత్తరాలు రాసిపెడతాను. రావడానికీ పోవడానికీ బండి కావాలంటే చూస్తాను. జుట్టు రాలాక విగ్గు కావాలంటే మా దగ్గర ఉన్నాయి. ఊరికే మాట్లాడాలన్నా వస్తాను."

ఊరికే వచ్చేదాని మీద నాకు మొదటి నుంచీ నమ్మకం లేదు. ఆ తర్వాత ఆమె అక్క వైపు తిరిగి, "మీరు కాసేపు బయట కూర్చుంటారా? పేషెంటుతో విడిగా, తోడొచ్చినవాళ్ళతో విడిగా మాట్లాడతాం. ఇక్కడి పద్ధతి," అంది.

ఆ మాట వినగానే నా చెవులు నిక్కబొడుచుకున్నాయి. ఇది మా పద్ధతి. టికెట్టు లేని ఇద్దరు ఒకే సీట్లో దొరికితే ఒకడిని తలుపు దగ్గరికి, ఇంకొకడిని బాత్రూమ్ దగ్గరికి పంపి, ఎక్కడెక్కారో విడివిడిగా అడుగుతాం. రెండు స్టేషన్ల పేర్లు చెప్పారంటే దొరికిపోయినట్టే. ఈ పిల్ల నా దగ్గర ఏం రాబట్టాలనుకుంటోంది?

ఇంట్లో ఎవరెవరుంటారు, వంట ఎవరు చేస్తారు, నిద్ర పడుతుందా, భయం ఎప్పుడెక్కువ, ఇవీ ఆమె ప్రశ్నలు. నేను అవును, కాదు, పడుతుంది, లేదు అని కత్తిరించి జవాబులిచ్చాను. ఆమె ప్రతిదీ రాసుకుంది. తలకిందులుగా చదవడం నాకు వచ్చు, కానీ ఆమె దస్తూరి డాక్టర్లని మించిపోయింది. ఆ రోజే ఆమెకి ఫైలమ్మ అని పేరు పెట్టాను. అక్క నవ్వి, "పాపం మంచి పిల్లే," అంది. అక్కకి అందరూ మంచివాళ్ళే. దానికి టికెట్లు తనిఖీ చేసే ఉద్యోగం ఇచ్చి ఉంటే రైల్వే మూతపడేది.

రెండో విడత నాడు వార్డు బయట గదిలో ఫైలమ్మ తోడొచ్చిన ఆడవాళ్ళందరినీ కూర్చోబెట్టింది. నా కుర్చీ ఇంకా ఖాళీ కాలేదు, నేనూ అక్కడే ఉన్నాను. బల్ల మీద మెత్తటి రబ్బరుతో చేసిన రొమ్ము నమూనా ఉంది. లోపల మూడు గడ్డలు దాచి ఉంటాయి, వేళ్ళతో తడిమి కనిపెట్టాలి. ఇంట్లో ఎవరికి వాళ్ళు ఎలా చూసుకోవాలో నేర్పడానికి అది. ఒక ముసలావిడ నొక్కి చూసి, "దీనికంటే మా ఇంట్లో దిండు నయం," అంది. అందరూ నవ్వారు. చాలామందికి ఒక గడ్డ దొరికింది. స్కూలు టీచరొకావిడ రెండు పట్టుకుంది. మూడోది చంక వైపు లోతుగా ఉంటుంది, అది నర్సులకే ఒక పట్టాన దొరకదట.

అక్క వంతు వచ్చింది. కళ్ళు మూసుకుంది. మూడు వేళ్ళు బల్లపరుపుగా ఆనించి, చిన్న చిన్న చుట్లు చుడుతూ పోయి, పది లెక్కపెట్టేలోపు మూడూ చూపించింది. చూపించి, "ఇవి మెత్తగా ఉన్నాయమ్మా. అసలుది ఇంత మెత్తగా ఉండదు. దారం ముడిపడి బిగుసుకున్నట్టు ఉంటుంది," అంది.

గదిలో అందరూ అక్కని మెచ్చుకున్నారు. నాకు గర్వంగా అనిపించింది. బట్ట కింద బట్ట ఎక్కడ ముడతపడిందో ముప్పై ఏళ్ళుగా వేళ్ళతో పట్టుకునే మనిషి మరి. ఫైలమ్మ ఒక్కతే మెచ్చుకోలేదు. అక్కనే చూస్తూ నిలబడింది. ఆ చూపు నాకు తెలుసు. టికెట్టు మీద తేదీ దిద్దినట్టు అనుమానం వచ్చినప్పుడు నేను చూసే చూపది.

ఆ రోజు నేను కుర్చీలో ఉండగా ఫైలమ్మ ముందు అక్కని బయటికి తీసుకెళ్ళింది. తలుపుకున్న చిన్న అద్దంలోంచి ఇద్దరూ కనిపిస్తున్నారు. ఫైలమ్మ మాట్లాడుతోంది, అక్క తల అడ్డంగా ఊపుతోంది. చాలాసేపు ఊపింది. తర్వాత ఫైలమ్మ నా దగ్గరికి వచ్చి, అదీ ఇదీ మాట్లాడి, అసలు సంగతి బయటపెట్టింది.

"మీ అక్కగారు ఏదైనా ఒక రోజు రాలేకపోతే, ఇంకొకరు తోడొస్తే ఫరవాలేదా అండీ? మా దగ్గర ఆడవాళ్ళున్నారు. వాళ్ళ వైద్యం అయిపోయి ఇప్పుడు ఇంకొకరికి తోడు వస్తుంటారు. చక్కగా చూసుకుంటారు."

ఓహో, ఇదన్నమాట అనుకున్నాను. అక్క చేతివేళ్ళు చూసి తన గుంపులో చేర్చుకోవాలని చూస్తోంది. నాకో అద్దె అక్కని అంటగట్టి, నా అక్కని ఊళ్ళో వాళ్ళందరికీ సేవ చేయడానికి పంపుతుంది.

"మా అక్క రాకపోతే నేను రాను," అన్నాను. ఆమె కలం కాసేపు కాగితం మీద ఆగిపోయింది. తర్వాత ఏదో రాసుకుంది.

మూడో విడతకి నా జుట్టు మొత్తం పోయింది. అక్క కోటు లోపలివైపు వేసే మెత్తటి గుడ్డతో నాకు నాలుగు టోపీలు కుట్టింది. ఆ పనిలో ఉన్నప్పుడే కనిపెట్టాను, అది కుడిచేత్తో ఇస్త్రీపెట్టె ఎత్తడం మానేసింది. అడిగితే వయసు అంది. స్నానాలగదిలో ఎక్కువసేపు ఉంటోంది, బయటికి వచ్చేసరికి కళ్ళు ఎర్రగా ఉంటున్నాయి. అడిగితే సబ్బు అంది. ఇంట్లో కూడా శాలువా కప్పుకుని తిరుగుతోంది. అడిగితే చలి అంది. ఇన్నిటికీ ఇంత చప్పున జవాబులు చెప్పేవాళ్ళని నేను రైల్లో ఎంతమందిని చూడలేదు. కానీ వాళ్ళు మా అక్క కారు.

ఒక రోజు వంటింట్లోకి వెళ్తే డబ్బాలన్నిటికీ చీటీలు అంటించి ఉన్నాయి. ఉప్పు, చక్కెర, నా మాత్రలు. తలుపు వెనక కాగితం మీద ప్లంబరు నంబరు, కరెంటు మనిషి నంబరు, పక్కింటి ఆవిడ నంబరు. పెద్ద పెద్ద అక్షరాలు. తొమ్మిదేళ్ళుగా ఇవన్నీ అక్క నోట్లోనే ఉండేవి.

"ఇదంతా ఎవరి కోసం?" అన్నాను.

"నీకు మతిమరుపు వస్తోంది కదే, ఈ మందులతో," అంది, నా వైపు చూడకుండా దారం ఎక్కించుకుంటూ.

ఆ సాయంత్రం నాలుగింటికి ఫైలమ్మ ఫోన్ చేసింది. నీళ్ళు బాగా తాగుతున్నారా, నోట్లో పుళ్ళు ఉన్నాయా అని మొదలుపెట్టి, మళ్ళీ అక్కడికే వచ్చింది. "అంటే, ఒకవేళ మీ అక్కగారికి ఆ రోజు వీలు కాకపోతే..." నేను మధ్యలోనే, "చెప్పాను కదమ్మా, ఆవిడ లేకపోతే నేను రాను. ఎన్నిసార్లు అడుగుతావు?" అని పెట్టేశాను. ఒకే ప్రశ్నని అటు తిప్పీ ఇటు తిప్పీ అడగడం ఎవరికి నేర్పుతోంది ఈ పిల్ల? తాతకి దగ్గులు నేర్పినట్టుంది.

నాలుగో విడతకి ముందు స్కాన్ తీశారు. డాక్టరు ఫిల్మును వెలుగుకి పెట్టి గడ్డ సగానికి తగ్గిందన్నాడు. నేను ఫిల్ము చూడలేదు, అక్క మొహం చూశాను. అక్క సంతోషపడింది. కానీ సంతోషం కింద ఇంకేదో ఉంది. ఆ రోజు వార్డులో బాత్రూమ్‌కి వెళ్ళాలని, సీసా వేలాడే స్టాండును నేనే తోసుకుంటూ తలుపు దాకా వచ్చాను. బయట అక్క గొంతు వినిపించింది.

"దానికి మాత్రం చెప్పొద్దమ్మా. నీకు పుణ్యముంటుంది. ఆఖరి సూది అయ్యేదాకా ఆగు."

"ఇంకా ఆరు వారాలండీ. అన్నాళ్ళు ఆగకూడదు." అది ఫైలమ్మ.

"ఆగుతాను. ఆగాలి."

బాత్రూమ్ సంగతే మర్చిపోయి కుర్చీలోకి తిరిగొచ్చాను. కాసేపటికి ఫైలమ్మ వచ్చి, మూడోసారి, ఈసారి దాదాపు బతిమాలుతున్నట్టు, అదే అడిగింది. పోనీ ఒక్క గంట, పోనీ సగం రోజు అంది. నేను నోరు తెరవకుండా తల అడ్డంగా ఊపాను.

ఆ మూడు వారాలూ నేను ఇంట్లో పోలీసునైపోయాను. అక్క లేనప్పుడు దాని అలమర వెతికాను. నా రిపోర్టులన్నీ పరిచి, ఒక్కో కాగితం తేదీ చూసి, మధ్యలో ఏదైనా మాయమైందేమోనని సరిచూశాను. ఏమీ మాయం కాలేదు. అయితే రెండింట్లో ఒకటి. గడ్డ తగ్గిందన్నది బొంకు, నేను చచ్చిపోతున్నాను, ఆ సంగతి వీళ్ళిద్దరికీ తెలుసు. లేకపోతే అక్క నాతో విసిగిపోయి, నా వైద్యం అయ్యేదాకా ఆగి, నన్ను వదిలేసి వెళ్ళిపోతోంది. నిజం చెప్పాలంటే రెండోదే నన్ను ఎక్కువ భయపెట్టింది. మంచం మీద పడుకుని ముందు గదిలో మిషను చప్పుడు వింటూ, అది ఆగినప్పుడల్లా ఊపిరి బిగపట్టేదాన్ని.

ఐదో విడత. పదకొండు గంటలకి సూది గుచ్చారు. ఫైలమ్మ రాగానే, అడక్కముందే అక్క లేచి బయటికి వెళ్ళింది. ఫైలమ్మ స్టూలు మీద కూర్చుందో లేదో, సూది లేని చేత్తో ఆమె మణికట్టు పట్టుకున్నాను.

"నాకు పాకింది కదూ?"

"ఏంటండీ?"

"ఒళ్ళంతా పాకింది. మీరిద్దరూ కలిసి దాస్తున్నారు."

"లేదండీ," అంది. చెయ్యి లాక్కోలేదు. "డాక్టరుగారు మీకు చూపించిన ఫిల్మే ఉంది, వేరే ఫిల్ము లేదు. గడ్డ తగ్గింది. మీ గురించి మీకు తెలియనిది నాకు ఒక్కటీ తెలియదు."

నేను ఆమె కళ్ళు చూశాను, గొంతు చూశాను, చేతివేళ్ళు చూశాను. ఇరవై రెండేళ్ళ అనుభవం. ఆమె నిజం చెబుతోంది.

"అయితే మా అక్క నన్ను వదిలేసి వెళ్తోందా?"

ఈసారి ఆమె మొహం మారిపోయింది. జాలి అనుకుంటాను. "వదిలేసి వెళ్ళడమా? ఆవిడా?" అంది. అదీ నిజమే.

"మరి ఏం దాస్తున్నారు?"

"ఒకరు నాతో చెప్పింది ఇంకొకరికి చెప్పకూడదండీ. మీరు చెప్పినవి ఆవిడకి చెప్పలేదు. ఆవిడవీ అంతే. ఆవిడనే లోపలికి పంపుతాను, మీరే అడగండి. కానీ ఒకటి. నేను మిమ్మల్ని మూడుసార్లు ఒకే మాట అడిగాను. మీరు మూడుసార్లూ రానన్నారు." అని లేచి తలుపు వైపు నడిచింది.

ఆమె తలుపు దాకా వెళ్ళడానికి పది అడుగులు. ఆ పది అడుగుల్లో నాకు రబ్బరు నమూనా మీద అక్క వేళ్ళు కనిపించాయి. అసలుది ఇంత మెత్తగా ఉండదు. అసలుది ఎలా ఉంటుందో అక్కకి ఎలా తెలుసు? నా గడ్డని అక్క ఎప్పుడూ తాకలేదు. సిగ్గుతోనో భయంతోనో నేనే తాకనివ్వలేదు. ఈ మాట ఇంకెవరైనా అని ఉంటే అక్కడికక్కడే పట్టుకుని నిలదీసేదాన్ని. ఆ రోజు నేను ఫైలమ్మ మొహం చూస్తూ కూర్చున్నాను.

అక్క వచ్చి స్టూలు మీద కూర్చుంది. ఫైలమ్మ గుమ్మం దగ్గరే ఆగిపోయింది.

మా ఉద్యోగంలో టికెట్టు కొన్నావా అని అడగం. ఎక్కడెక్కావు అని అడుగుతాం. నేనూ అలాగే అడిగాను.

"ఎటువైపు అక్కా?"

"ఏది ఎటువైపు?" అంది గానీ, శాలువా కింద దాని చెయ్యి తనంతట తానే కుడివైపుకి పోయింది.

"ఎన్నాళ్ళయింది?"

మెల్లగా చెప్పింది. "నీ మొదటి సూదైన నాలుగో రోజు. నువ్వు వాంతులతో లేవలేకపోతున్నావు. నేను స్నానానికి వెళ్తే చేతికి తగిలింది."

"తోడబుట్టినవాళ్ళు కూడా చూపించుకోవాలని డాక్టరు మొదట్లోనే చెప్పాడు కదా. నువ్వు చూపించుకున్నానన్నావు. ఏమీ లేదన్నారన్నావు."

"అన్నాను."

"అబద్ధం చెప్పావు."

"నువ్వు ఆ రోజు నా మొహం చూళ్ళేదు కదే," అంది అక్క.

నాకు తల కొట్టేసినట్టయింది. మూడు నెలలు. గడ్డతో మూడు నెలలు నా పాదాలు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది, నాకు టోపీలు కుట్టింది, డబ్బాలకి చీటీలు అంటించింది.

"ఎందుకక్కా?"

"ఎందుకేంటే? నేను ఒక్కసారి రాకపోయినా మానేస్తానన్నావు. నువ్వు అన్నంత పనీ చేస్తావు, నాకు తెలీదా? నన్నూ ఇలాంటి కుర్చీలో కూర్చోబెడితే నిన్ను ఎవరు తీసుకొస్తారు? ఈ అమ్మాయి వేరేవాళ్ళని తోడు పంపుతానంది. నువ్వు ఒప్పుకుంటే నేను చూపించుకుంటానన్నాను. తను లోపలికి వచ్చి నీతో మాట్లాడి బయటికి వచ్చేది. ఏం మాట్లాడారో చెప్పేది కాదు. మొహం చూస్తే తెలిసేది." అక్క శాలువా సర్దుకుంది. "ఇంకొక్కటే కదా, అది కూడా అయిపోనీ అనుకున్నా."

ఫైలమ్మ మీద కోపం రాలేదు. అక్క మీదా రాలేదు. నా మీద నాకే ఒళ్ళు మండిపోయింది. మూడుసార్లు ఆ పిల్ల తలుపు తీయమని అడిగింది, మూడుసార్లూ నేను గడియ పెట్టాను. పైగా అదేదో నా అక్క మీద ప్రేమ అనుకున్నాను.

ఫైలమ్మ దగ్గరికి వచ్చింది. "కింద అంతస్తులో డాక్టరమ్మ ఉన్నారండీ. పన్నెండున్నరకి వెళ్ళిపోతారు, మళ్ళీ వచ్చే వారమే. ఇప్పుడు వెళ్తే చూస్తారు. నేను మాట్లాడాను."

"దీని మందు అయ్యాక వెళ్దాం," అంది అక్క.

"రెండున్నర దాటుతుందండీ."

"అయితే వచ్చే వారం వెళ్దాం. ఎర్ర మందు ఎక్కించేటప్పుడు ఇది భయపడుతుంది."

అటుపక్క నర్సు చేతి తొడుగులు వేసుకుని సిరంజి సిద్ధం చేస్తోంది. నిజమే, నాకు అప్పటికే కాళ్ళు చల్లబడుతున్నాయి.

"నాకేం భయం లేదు. వెళ్ళు," అన్నాను.

"ఊరుకోవే."

"ఇప్పుడే వెళ్ళక్కా."

అక్క కదల్లేదు. వంగి నా చెప్పులు తీసి, నా పాదాలు తన ఒళ్ళోకి తీసుకుంది. అది ఇంక లేవదు. చిన్నప్పటి నుంచీ అంతే, ఒకసారి కూర్చుందంటే కదలదు.

ఇన్నేళ్ళలో నా ముందు అబద్ధమాడినవాళ్ళ సంఖ్య వేలల్లో ఉంటుంది. వాళ్ళంతా ఎక్కడ దొరికిపోయారో నాకు తెలుసు కాబట్టి, దొరక్కుండా ఎలా చెప్పాలో కూడా తెలుసు. చేతులు కదపకూడదు. తొందరపడకూడదు. చూపు తిప్పుకోకూడదు. చివర్లో ఇంకో మాట కలపకూడదు. నా పాదాలు దాని ఒళ్ళోంచి తీసేసుకున్నాను.

"నువ్వు పక్కన కూర్చుని అలా చూస్తుంటే నాకు ఊపిరాడట్లేదు. మూడు నెలల నుంచీ చెప్పలేక ఊరుకుంటున్నాను. నువ్వుంటేనే నాకు భయమేస్తోంది. నా దగ్గర ఉండొద్దు, వెళ్ళిపో."

అక్క నా మొహంలోకి చూసింది. దానికి అబద్ధాలు పట్టుకోవడం రాదు. నమ్మింది. నమ్మడం నా కళ్ళతో చూశాను. శాలువా భుజం మీదికి లాక్కుని లేచింది. ఫైలమ్మ దాని మోచేయి పట్టుకుంది. ఇద్దరూ బయటికి వెళ్ళిపోయారు. అద్దంలోంచి అక్క వీపు కనిపించినంతసేపు చూశాను. అది వెనక్కి తిరగలేదు.

నర్సు వచ్చి స్టూలు మీద కూర్చుంది. పేరు, పుట్టిన తేదీ అడిగి, చేతిపట్టీతో సరిచూసుకుని, సిరంజి బిగించింది. "మీ అక్కగారు ఎక్కడికి వెళ్ళారు?" అంది. పని మీద వెళ్ళిందన్నాను. ఎరుపు గొట్టంలోకి దిగింది. కళ్ళు మూసుకున్నాను. పాదాలు చలికి కొంకర్లు పోయాయి. దుప్పటి కప్పనా అని నర్సు అడిగితే వద్దన్నాను. నాకు అలాగే కావాలి అనిపించింది.

ఎర్ర మందు అయింది. తర్వాత ఇంకో మందు సీసా తగిలించారు. ఎదురు కుర్చీలో ఆవిడ నిద్రపోయింది, లేచింది, మళ్ళీ నిద్రపోయింది. ఒంటి గంట దాటింది. తలుపు తెరుచుకున్నప్పుడల్లా చూశాను. నర్సులు, తుడిచేవాళ్ళు, ఎవరి తాలూకో పెద్దమనిషి.

ఒంటిగంటా నలభైకి అక్క వచ్చింది. ఫైలమ్మ దాని సంచి పట్టుకుని వెనకే ఉంది. అక్క కుడిచేతిని ఒంటికి ఆనించి పట్టుకుంది, శాలువా అంచులోంచి తెల్లటి ప్లాస్టరు కనిపిస్తోంది. నా కుర్చీకి నాలుగు అడుగుల దూరంలో ఆగిపోయింది.

"ఇక్కడ కూర్చోనా?" అంది. "బయట కూర్చోమన్నా కూర్చుంటాను."

నాకు ఏడుపు పొంగుకొచ్చింది. దాచుకోలేదు. "ఇక్కడే కూర్చో అక్కా. ఇందాక అబద్ధం చెప్పాను," అన్నాను.

అక్క కూర్చుంది. ఎడమచేత్తో నా పాదం తాకి చూసి, "ఐసులా ఉన్నాయి," అంది.

"ఏమన్నారు?"

"సూదితో ముక్క తీశారు. గురువారం చెప్తారట. గురువారం నాకు తోడు ఎవరొస్తారని అడిగారు. నీ పేరు రాయించాను."

ఇదంతా నిజమే. నేను దాని మొహమే చూస్తున్నాను. ఇంకో ప్రశ్న నా నోటి దాకా వచ్చింది. మూడు నెలల ముందు రావాల్సింది అని ఆ డాక్టరమ్మ అన్నదా? అడగలేదు. అడిగితే అక్క లేదు అంటుంది, అది అబద్ధమో కాదో నాకు తెలిసిపోతుంది.